ఆఫ్రికా కోర్ టోపీ: గుడ్డ చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి

పాత సైనిక వస్తువులు అమ్మేవాళ్ల జాబితాల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఉష్ణదేశాల కోసం కుట్టించిన ఈ టోపీ పక్కన దాదాపు ఎప్పుడూ ఒకే వర్ణన ఉంటుంది: "అసలు సిసలు ఆఫ్రికా కోర్ టోపీ, ఎడారిలో వాడినది". ఆ ఒక్క వాక్యంలో మూడు మాటలు ముడిపడి ఉన్నాయి. టోపీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే కుట్టిందన్నది ఒకటి. దాని మీదున్న గుర్తులన్నీ అప్పటినుంచీ దాని మీదే ఉన్నాయన్నది రెండు. అది ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్లొచ్చిందన్నది మూడు. మొదటిది గుడ్డా దారమూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. రెండోది ఓపిక పడితే తేలుతుంది. మూడోదాన్ని టోపీ తనంతట తాను రుజువు చేయలేదు, బయటి సాక్ష్యం కావాలి. ఆ మూడో మాట మీది మోజులో మొదటిదాన్ని సరిగ్గా చూడకపోవడం దగ్గరే డబ్బు పోతుంది.

1941 ఫిబ్రవరిలో జర్మన్ దళాలు లిబియాలోని ట్రిపోలీ రేవులో దిగాయి. అంతకుముందు రెండు నెలల్లో బ్రిటిష్, భారత, ఆస్ట్రేలియా దళాల చేతిలో చావుదెబ్బ తిన్న ఇటలీ సేనను నిలబెట్టడానికి ఎర్విన్ రోమెల్ నాయకత్వంలో వచ్చిన సైన్యం అది. అప్పట్లో సైనికుల నెత్తిన దొరల టోపీల్లాంటి పెద్ద పిత్ హెల్మెట్లు ఉండేవి. ట్యాంకులో, లారీలో అవి అడ్డం, తూటా ముక్కలను ఆపవు. కొద్ది కాలానికే వాటిని పక్కన పడేశారు. పడవ ఆకారంలో మడిచే మరో టోపీ ఇచ్చారు గానీ, దానికి ముందు చూరు (పీక్) లేదు, కళ్లకు నీడ రాదు. చివరికి సైనికులు ఇష్టపడి పెట్టుకున్నది పర్వత దళాల టోపీ నమూనాలో నూలు గుడ్డతో కుట్టి, ముందు చూరును పొడుగు చేసిన ఈ టోపీనే. దీన్నే సేకర్తలు కొందరు ఎం 40 అంటారు, కొందరు ఎం 41 అంటారు. టోపీ ఒకటే, పేర్లే రెండు.

"ఆఫ్రికా కోర్ టోపీ" అన్న పేరే మొదటి చిక్కు. ఆఫ్రికా కోర్ అన్నది అక్కడి జర్మన్ సైన్యంలో ఒక భాగం మాత్రమే. దానిపైన ముందు ఆఫ్రికా పాంజర్ (ట్యాంకుల) గ్రూపు, 1942లో ఆఫ్రికా పాంజర్ సైన్యం ఏర్పడ్డాయి. టోపీ అయితే ఉష్ణదేశపు దుస్తుల్లో భాగంగా అందరికీ ఇచ్చింది. అదే టోపీ సిసిలీలో, ఇటలీలో, గ్రీసులో, బాల్కన్‌లో కూడా తలల మీద ఉంది, అదీ ఆఫ్రికా యుద్ధం ముగిసిన రెండేళ్ల తర్వాతి దాకా. ఫలానా దళం అని చెప్పే గుర్తు చొక్కా చేతి మీద ఉండేది: 1941 జులైలో ప్రవేశపెట్టిన "ఆఫ్రికాకోర్" అనే పట్టీ. టోపీ మీద అలాంటిదేదీ లేదు. తాటిచెట్టు బొమ్మ అతికించిన టోపీ ఎవరైనా చూపిస్తే అక్కడే ఆగిపోవచ్చు. ఆ చెట్టు ట్యాంకుల మీద, లారీల మీద రంగుతో వేసిన గుర్తు, నిబంధనల ప్రకారం టోపీకి వచ్చింది కాదు.

చేతిలోకి తీసుకుంటే

టోపీని పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి చూడాలి. ట్యూబ్‌లైటు కింద ఆలివ్ రంగు, ఇసుక రంగు ఒకేలా మోసం చేస్తాయి. చేతిలో పదింతలు పెద్దగా చూపే భూతద్దం, 365 నానోమీటర్ల యూవీ టార్చి ఉంటే చాలు.

పైగుడ్డ ట్విల్ నేత నూలు. జీన్స్ గుడ్డ మీద కనిపించే ఏటవాలు గీతలే ఇక్కడా సన్నగా కనిపిస్తాయి. కొత్తలో రంగు ఆకుపచ్చ కలిసిన ఆలివ్. చుట్టూ పైకి మడిచినట్టు కనిపించే పట్టీ నిజానికి మడత కాదు. పర్వత దళాల టోపీలో ఆ పట్టీని దించి చెవులు కప్పుకోవచ్చు, దీంట్లో దాన్ని కుట్టేశారు. ముందు భాగంలో అది కొద్దిగా కిందికి వంపు తిరుగుతుంది. పక్కలకు గాలి ఆడటానికి రంగు పూసిన లోహపు రింగులు ఉంటాయి. లోపల ఎర్రటి పలుచని అస్తరు. సైన్యపు టోపీకి ఎర్ర అస్తరు ఎంత గుర్తుగా మారిపోయిందంటే, నకిలీలు చేసేవాళ్లు మొదట శ్రద్ధ పెట్టేది దాని మీదే. కాబట్టి అస్తరు ఎర్రగా ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. నుదురు తగిలే చోట చెమటకు ఆ ఎరుపు నల్లబడి గట్టిపడిందా, ఎరుపు రంగు పైగుడ్డ అంచులోకి కొద్దిగా దిగిందా అన్నది చూడాలి. టీ డికాక్షన్‌లో ముంచి పాతబరిచిన టోపీలో మరక అంతటా ఒకేలా ఉంటుంది. మనిషి తల మీద పడిన మరక నుదుటి దగ్గర చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పలుచగా ఉంటుంది.

ముందు డేగ బొమ్మ మగ్గం మీద చదునుగా నేసింది. జర్మనీలో వుప్పర్టాల్‌లోని బెవో నేత సంస్థ పేరుతోనే ఈ రకాన్ని పిలుస్తారు. గోధుమ రంగు నేల మీద లేత నీలి బూడిద దారం. దాని కింద డైమండు ఆకారపు గుడ్డ ముక్క మీద నలుపు, తెలుపు, ఎరుపు వలయాల చుక్క: నలుపు బయట, ఎరుపు నడిమధ్య. అంచు ఎక్కడైనా లేచి ఉంటే వెనక్కి తొంగిచూడండి. నేసిన బ్యాడ్జీ వెనుక పడుగు పేకలు క్రమంగా, చదునుగా కనిపిస్తాయి. దారాలు ముడులుగా ఉబ్బి ఉంటే అది ఎంబ్రాయిడరీ, ఈ టోపీ మీద ఉండాల్సింది కాదు.

చుక్క పైన తిరగేసిన 'వి' ఆకారంలో ఒక సన్నని అల్లిక నాడా ఉండేది. దాని రంగును బట్టి సైనికుడి శాఖ తెలుస్తుంది. తెలుపైతే పదాతి దళం, గులాబీ అయితే ట్యాంకులు, ఎరుపు ఫిరంగి దళం, నిమ్మపండు పసుపు సిగ్నల్స్, నలుపు ఇంజనీర్లు. 1942 రెండో సగంలో దీన్ని తీసేయమని ఆదేశం వచ్చింది. కొందరు తీశారు, కొందరు తీయలేదు, ఆ తర్వాత కుట్టిన టోపీలకు నాడాయే లేదు. కాబట్టి నాడా లేకపోవడం లోపం కాదు. అయితే గులాబీ నాడా ఉన్న టోపీకి గిరాకీ ఎక్కువ. అందుకే నాడా లేని టోపీలకు ఇప్పుడు కుట్టడం, ఉన్న తెల్ల నాడాను విప్పి గులాబీది పెట్టడం బాగా జరుగుతోంది.

దీన్ని పట్టుకోవడానికి భూతద్దం చాలు. పాత నాడా విప్పిన చోట సూది రంధ్రాలు వరసగా ఉంటాయి. దాని కింద ఎండ తగలని గుడ్డ పచ్చగా, సన్నటి 'వి' గీతలా మిగిలిపోతుంది. ఇప్పుడున్న నాడా ఆ పచ్చగీత మీద సరిగ్గా కూర్చోకపోయినా, గీత లేకుండా గుడ్డంతా ఒకే రంగులో వెలిసిపోయి ఉన్నా నాడా తర్వాత వచ్చిందని అనుమానించాలి. అలాగే కుట్టు రంధ్రాల అంచుల్లో దుమ్ము, చెమట జిడ్డు పేరుకుని ఉండాలి. కొత్త సూది పొడిచిన రంధ్రం అంచు శుభ్రంగా ఉంటుంది.

అధికారుల టోపీలో పై అంచు చుట్టూ, ముందు వంపు మీద అల్యూమినియం దారపు వెండి గోటు ఉంటుంది, సేనాధిపతులకైతే బంగారు రంగు గోటు. మామూలు సైనికుడి టోపీని అధికారి టోపీగా మార్చడం పాత మోసమే. ఫ్యాక్టరీలో గోటును రెండు ముక్కల మధ్య పెట్టి కుట్టేవారు. తర్వాత అతికించేవాళ్లు చాలాసార్లు కుట్టు మీద చేత్తో పట్టేస్తారు. చిక్కేమిటంటే, యుద్ధకాలంలో కూడా కొందరు అధికారులు సైనికుల టోపీ తీసుకుని దర్జీతో అలాగే కుట్టించుకున్నారు. అందుకే చేతి కుట్టు కనిపించగానే నకిలీ అనేయకూడదు. గోటు దారం నల్లబడిందా, దాని కింద గుడ్డ రంగు పక్క గుడ్డ కంటే పచ్చగా ఉందా చూసి మాట్లాడాలి.

వైమానిక దళం టోపీలు ఆలివ్ కాదు, పసుపు గోధుమ రంగు. వాటి మీద ఎగిరే డేగ వేరు. వాళ్లకే మెడ మీద గుడ్డ వేలాడే మరో రకం కూడా ఉంది, దాన్ని హెర్మన్ మేయర్ టోపీ అంటారు. నాజీ పార్టీ సాయుధ విభాగమైన వాఫెన్ ఎస్ఎస్ పోరాట దళాలు ఉత్తర ఆఫ్రికాలో పోరాడనే లేదు. ఎస్ఎస్ గుర్తులున్నదాన్ని ఆఫ్రికా పోరాటంలో వాడిన టోపీ అనడం తప్పు.

వెలిసిన రంగు చెప్పే కథ

ఈ టోపీ విషయంలో అత్యంత ఆసక్తికరమైనదీ, అత్యంత తప్పుదారి పట్టించేదీ రంగు వెలవడమే. ఎడారిలో కొత్తగా దిగినవాడి టోపీ పచ్చగా ఉండేది, పాతకాపు టోపీ దాదాపు ఎండుగడ్డి రంగుకు వచ్చేది. పాతకాపులా కనిపించాలని కొత్తవాళ్లు టోపీలను కావాలనే వెలిసేలా చేసేవారు. విషవాయువు సోకితే చర్మం శుభ్రం చేసుకోవడానికి ఇచ్చిన లోసాంటిన్ బిళ్లలు అందుకు పనికొచ్చాయి, అవి బ్లీచింగ్ పౌడర్ జాతివే. ఇప్పుడు నకిలీలు చేసేవాళ్లూ క్లోరిన్ బ్లీచ్‌నే వాడతారు. అంటే ఒకే రసాయనం అసలు టోపీలోనూ, నకిలీలోనూ ఉండొచ్చు.

తేడా ఎండకూ నీటికీ మధ్య ఉంది. ఎండ పైనుంచి పడుతుంది. చూరు పైభాగం, టోపీ నెత్తి బాగా వెలుస్తాయి, చూరు అడుగు పచ్చగానే ఉంటుంది. కుట్టిన పట్టీ పై అంచును మెల్లగా వేలితో లాగి చూస్తే లోపలి గుడ్డ దాదాపు కొత్త రంగులో కనిపిస్తుంది. బ్లీచ్ నీళ్లలో ముంచిన టోపీలో ఆ లోపలి గుడ్డ కూడా వెలిసిపోతుంది, కుట్టు దారమూ, అస్తరు ఎరుపూ పాలిపోతాయి. అలా ముంచడం 1942లో జరిగిందా, గత సంవత్సరం జరిగిందా? ముంచిన తర్వాత ఎండలో వాడిన టోపీలో రెండో పొర వెలుపు పైన మళ్లీ కనిపిస్తుంది. ఇంకోటి, డేగను చూడండి. ముంచేటప్పుడు డేగ టోపీ మీదే ఉంటే అదీ పాలిపోయి ఉండాలి. గుడ్డ ఎండుగడ్డిలా, డేగ మాత్రం నిన్న నేసినట్టు ఉంటే ఆ రెండూ వేర్వేరు చోట్ల పెరిగినవే.

అరుగుదలకూ చోట్లున్నాయి. పదేపదే వేళ్లు పట్టుకునే చూరు ముందంచు, నెత్తి అంచు మడత, నుదుటి దగ్గరి లోపలి అంచు. అక్కడ పడుగు దారాలు విడిగా తెగి, పీచు మెత్తగా లేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే పీచు ఒకే దిక్కుకు లేచి, పక్కనున్న లోతట్టు నేత చెక్కుచెదరదు. ఇక ఒకే టోపీలో ముక్కలు రెండు మూడు ఛాయల్లో వెలిసి ఉంటే భయపడక్కర్లేదు. వేర్వేరు తానుల గుడ్డ కలిపి కోసినప్పుడు ఎండకు ఒక్కోటి ఒక్కోలా తిరుగుతుంది.

దారం విషయంలో మాత్రం తీర్పు ఖాయం. పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లండులో కనుక్కున్నారు, బట్టల్లోకి వచ్చింది యుద్ధం తర్వాతే. జర్మన్ టోపీని మొదట కుట్టిన దారం పాలియెస్టర్ అయితే ఆ టోపీ యుద్ధకాలానిది కాదు, అంతే. లోపల ఇప్పటికే ఊడి వేలాడుతున్న దారపు పోగు ఐదు మిల్లీమీటర్లు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని నిప్పుకు చూపండి. నూలు కాగితం కాలిన వాసనతో మండి, ముట్టుకుంటే పొడి అయిపోయే బూడిద మిగులుస్తుంది. పాలియెస్టర్ ముడుచుకుపోయి కరిగి, గోటితో నొక్కినా పగలని గట్టి పూస అవుతుంది. కుట్టులోంచి మాత్రం దారం లాగొద్దు, ఒక పోగు కోసం కుట్టంతా విడిపోతుంది.

యూవీ టార్చిని ఇంతగా నమ్మకూడదు. చీకటి గదిలో గుడ్డ నీలం తెలుపుగా వెలిగితే నకిలీ అని చాలామంది అంటారు. ఆ వెలుగు తెల్లదనం కోసం కలిపే రసాయనాలది. యుద్ధం తర్వాత డిటర్జెంటులో ఉతికిన అసలు టోపీ కూడా వెలుగుతుంది. కుట్టు దారం ఒక్కటే వెలిగి పక్క గుడ్డ వెలగకపోతే అప్పుడు అనుమానం బలపడుతుంది. ఎందుకంటే ఉతికితే రెండూ కలిసి వెలగాలి.

అస్తరు మీద సిరా ముద్ర ఉండొచ్చు: తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం, తల చుట్టుకొలత సెంటీమీటర్లలో, 56, 57, 58 ఇలా. బ్రౌన్‌ష్వైగ్‌లోని క్లెమెన్స్ వాగ్నర్ ముద్ర తరచుగా కనిపించే వాటిలో ఒకటి. యుద్ధం రెండో సగంలో పేర్ల బదులు అంకెల సంకేతాలు వచ్చాయి. భూతద్దంలో చూడాల్సింది ముద్ర అందం కాదు, మురికికీ సిరాకూ ఉన్న వరస. ముద్ర ముందు పడి, దాని మీద చెమట జిడ్డు పేరుకుంటే అసలు. జిడ్డు మీద సిరా స్ఫుటంగా కూర్చుంటే ముద్ర మొన్నటిది.

ఆఫ్రికాకు వెళ్లిందా?

ముద్రలోని సంవత్సరం ఒక్క పని బాగా చేస్తుంది: కాదని చెప్పడం. ట్యునీషియాలో జర్మన్, ఇటాలియన్ సేనలు 1943 మే 13న పూర్తిగా లొంగిపోయాయి. 1944 ముద్ర ఉన్న టోపీ ఆఫ్రికాకు వెళ్లే అవకాశమే లేదు, 1943 ముద్రకు అవకాశం చాలా తక్కువ. 1941 ముద్ర ఉంటే వెళ్లి ఉండొచ్చు, క్రీట్‌కో గ్రీసుకో వెళ్లి ఉండొచ్చు, గోదాములోనే ఉండిపోయి ఉండొచ్చు.

ఈ టోపీ జాతి అంతటికీ ఆఫ్రికా సాక్ష్యం అంటగట్టకూడదనడానికి మన వైపు నుంచే ఒక ఉదాహరణ ఉంది. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారత సైనికుల్లోంచి సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఆజాద్ హింద్ లెజియన్‌ను ఏర్పాటు చేశారు. హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ అన్నాబుర్గ్ యుద్ధఖైదీల శిబిరంలో వాళ్లతో మాట్లాడి చేర్చుకునే పనిలో ఉన్నారు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు యూ-180 జలాంతర్గామి ఎక్కింది ఆయనే. ఆ లెజియన్ 1944లో ఫ్రాన్స్ తీరంలో ఉన్నప్పటి ఛాయాచిత్రాల్లో ఉష్ణదేశపు జర్మన్ దుస్తులు కనిపిస్తాయి, సిక్కులకు తలపాగా, మిగతా వాళ్లకు చూరు టోపీ. ఆ యూనిఫాంలో వాళ్లు ఆఫ్రికా గడ్డ మీద అడుగు పెట్టలేదు. టోపీ మాత్రం ఇదే.

మరో వైపు నిలబడి పోరాడిన మనవాళ్లు కూడా ఉన్నారు. 4వ భారత డివిజన్‌తో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళపు కంపెనీలు ఉత్తర ఆఫ్రికాలో పనిచేశాయి. ఆ దళంలో తమిళ, మలయాళ, కన్నడిగులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవారు. జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ చివరికి లొంగిపోయింది ఆ 4వ డివిజన్‌కే. అలాంటి సైనికుడి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఈ టోపీ దొరికితే దాన్ని ఒంటరిగా బయటికి తీయకండి. పెట్టెలో ఉన్నవన్నీ ఉన్న వరసలోనే ఫొటో తీయండి. సర్వీసు పుస్తకం, ఉత్తరాలు, ఆఫ్రికా స్టార్ పతకం చూడండి. బ్రిటిష్ సైనికులకు ఆ పతకాన్ని పేరు చెక్కకుండా ఇచ్చారు, భారత సైనికులకు ఇచ్చిన వాటిలో కొన్నిటి వెనుక పేరు చెక్కి ఉండొచ్చు. పతకం మీద పేరు ఉంటే అది, పుస్తకంలో పేరు, ఇంటి పెద్ద పేరు కలిస్తే టోపీ ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు మొదలైనట్టే. ఒక్క టోపీని మాత్రమే అమ్మేస్తే ఆ జవాబు అక్కడితో తెగిపోతుంది, టోపీ విలువా తగ్గుతుంది.

పాత ఫొటోలో తాతగారి చేతిలో టోపీ ఉందని చూపిస్తే, అది ఇలాంటి టోపీ అని మాత్రమే తెలుస్తుంది. ఇదే టోపీ అనాలంటే చిరుగు, మరక, వంకర కుట్టు ఏదో ఒకటి ఫొటోలోనూ, చేతిలోనూ ఒకే చోట ఉండాలి.

రోమెల్ పేరు చుట్టూ అల్లుకున్న మర్యాదస్తుల యుద్ధం అన్న మాటను కూడా ఇక్కడే సరిచేసుకోవాలి. 1942 చివర్లో ట్యునీషియాలోకి వాల్టర్ రౌఫ్ నాయకత్వంలో ఎస్ఎస్ బృందం వచ్చి అక్కడి యూదుల చేత వెట్టిచాకిరీ చేయించింది, సొమ్ము దోచుకుంది. డేగ కాళ్ల కింద ఉన్న స్వస్తిక గుర్తు ఆ టోపీ ఏ పాలనకు చెందిందో చెబుతూనే ఉంటుంది. టోపీని దాచుకునేవాళ్లు దీన్ని పక్కన రాసి పెట్టుకోవాలి.

ఆ గుర్తు వల్లే చట్టం మధ్యకు వస్తుంది. జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడాన్ని నిషేధిస్తుంది. చరిత్ర, పరిశోధన, బోధన లాంటి అవసరాలకు మినహాయింపు ఉంది, ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. అందుకే అక్కడి సంతల్లో అమ్మేవాళ్లు స్వస్తిక మీద స్టిక్కర్ అంటిస్తారు. జర్మనీలో ఉంటూ ఇలాంటివి కొనే మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: స్టిక్కర్ జిగురు ఎనభై ఏళ్ల నేత దారాన్ని తనతో పాటు లేపుకొస్తుంది. నేరుగా అంటించకుండా పలుచని కాగితం మధ్యలో పెట్టమని అడగండి. ఈ టోపీ ఫొటో సామాజిక మాధ్యమాల్లో పెట్టడం కూడా అక్కడ బహిరంగ ప్రదర్శన కిందికి రావచ్చు.

దాచడంలో చెడేది

ఉతకొద్దు. ఎర్ర అస్తరు రంగు ఆలివ్ గుడ్డలోకి దిగుతుంది, చూరు లోపలి గట్టి పొర నీటికి ఉబ్బి వంకరపోతుంది, పైన చెప్పుకున్న సాక్ష్యాలన్నీ నీళ్లలో పోతాయి. దుమ్ము తీయాలంటే మెత్తటి కుంచెతో, చిన్న నైలాన్ వల అడ్డుపెట్టి తక్కువ పీడనంలో వాక్యూమ్ చేస్తే చాలు. చదును చేసి పుస్తకాల మధ్య పెట్టకూడదు, మడతల దగ్గరే గుడ్డ తెగుతుంది. బ్లీచ్ తగిలిన నూలు ముందే బలహీనపడి ఉంటుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని ఉండలు చుట్టి లోపల నింపి, అట్టపెట్టెలో తల ఆకారంలో నిలబెట్టాలి. ప్రదర్శనకు పెడితే వెలుగు 50 లక్స్ దాటకూడదు, కిటికీ ఎండ అసలు తగలకూడదు.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం ఇది కష్టమే. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, చిన్న తేమ మీటరు పక్కనే పెట్టి, పొట్లాలు నిండాక మార్చుతుండాలి. ప్లాస్టిక్ కవరులో మూసేస్తే లోపలి తేమ అక్కడే తిరిగి బూజు పడుతుంది. బీరువాలో వేసే కలరా ఉండలు టోపీకి తగిలేలా ఎప్పుడూ పెట్టొద్దు, ఆ వాసన గుడ్డను వదలదు.

గంజి, చెమట జిడ్డు ఉన్న నూలు మీదికి వెండి చేపపురుగులు వస్తాయి. పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. టోపీని టిష్యూలో చుట్టి, పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు గది వేడికి రానివ్వాలి. తొందరపడి విప్పితే గాలిలోని తేమ చల్లటి గుడ్డ మీద నీరై పేరుకుని, ఎర్ర అస్తరు రంగు అక్కడే దిగిపోతుంది.